ఏడు నెలల పాత మాంటెజియా (ముంజేతి అల్నా ఎముక విరిగి, పక్కనున్న రేడియస్ పై కొన జారిన గాయం), ఎనిమిదేళ్ల బాబు: అల్నా ఒక్కటి సరిచేస్తే చాలా, లిగమెంట్ కూడా కట్టాలా?

ప్రశ్న: ఆర్థో, బెంగళూరు (వైట్‌ఫీల్డ్)

అందరికీ నమస్కారం. హిందూపురం వైపు నుంచి వచ్చిన ఎనిమిదేళ్ల బాబు. ఏడు నెలల కింద సైకిల్ మీంచి పడ్డాడు. ఊళ్లో నాటు కట్టు వేయించారు. మూడు వారాలకు కట్టు విప్పి నూనె మర్దన చేయించారు. ఇప్పుడు మోచేతి మడత దగ్గర ముందువైపు గట్టి బుడిపె చేతికి తగులుతోంది. చేయి 105 డిగ్రీలు దాటి ముడుచుకోవడం లేదు, చాపడం మాత్రం పూర్తిగా వస్తోంది. ప్రొనేషన్ (అరచేయి కిందికి తిప్పడం) 40 దగ్గర ఆగిపోతోంది, సుపినేషన్ (పైకి తిప్పడం) బాగానే ఉంది. వేళ్లూ బొటనవేలూ పైకి ఎత్తుతున్నాడు. పెద్దగా నొప్పి లేదు.

ఎక్స్‌రేలో రేడియల్ హెడ్ (రేడియస్ పై కొన) పూర్తిగా ముందుకు జారి ఉంది. అల్నా పై మూడో వంతులో ముందుకు వంగి అతుక్కుపోయింది. హెడ్ పైభాగం ఇంకా గుంటగానే కనిపిస్తోంది.

అడగదలచుకున్నవి: యాన్యులర్ లిగమెంట్ (హెడ్‌ను చుట్టి పట్టి ఉంచే వలయం) కొత్తగా కట్టడం తప్పనిసరా, అల్నా ఆస్టియాటమీ (ఎముకను కోసి సరిచేయడం) ఒక్కటే సరిపోతుందా? ఆస్టియాటమీ వంగిన చోటే చేయాలా, ఇంకా పైనా? ఎంత కోణం ఇవ్వాలి? క్యాపిటెల్లం (హెడ్‌కు ఎదురుగా ఉండే పై చేయి ఎముక భాగం) గుండా రేడియస్‌లోకి కే వైర్ (సన్నటి లోహపు పుల్ల) వేయడం మంచిదేనా? నొప్పి లేదు కదా అలాగే వదిలేద్దామని వాళ్ల తాత అంటున్నారు, ఆయనకు ఏం చెప్పాలి?

జవాబు 1: పిల్లల ఎముకల సర్జన్, జయనగర్

ముందు తాతగారి సంగతి. ఇప్పుడు నొప్పి లేదన్నది నిజమే. జారిన హెడ్ అక్కడే పెరిగితే గుంట పోయి గుండ్రంగా తయారవుతుంది, ఎదురుగా ఒత్తిడి లేక క్యాపిటెల్లం చదునవుతుంది. మోచేయి బయటికి వంకర తిరుగుతుంది, ముడవడం ఇంకా తగ్గుతుంది. కొందరిలో ఏళ్ల తర్వాత పోస్టీరియర్ ఇంటరోసియస్ నరం (వేళ్లను పైకెత్తించే నరం) నలిగి వేళ్లు లేవకుండా పోతాయి. ఆ దశలో హెడ్‌ను లోపల కూర్చోబెట్టాలన్నా కుదరదు, రెండింటి ఆకారాలూ పొసగవు. పెద్దయ్యాక హెడ్ తీసేయవచ్చుగా అంటారు. ఎదిగే పిల్లల్లో ఆ పని చేయకూడదు. రేడియస్ పైకి జరుగుతుంది, మణికట్టు నొప్పి మొదలవుతుంది, మోచేతి వంకర పెరుగుతుంది. పన్నెండేళ్ల లోపు, దెబ్బ తగిలి మూడేళ్లు దాటకముందు చేసిన వాళ్లలో ఫలితాలు బాగుంటాయి. మీ బాబు రెండు లెక్కల్లోనూ లోపలే ఉన్నాడు. అయితే చేయి పూర్తిగా మామూలుదవుతుందని మాట ఇవ్వొద్దు. ముడవడం బాగా తిరిగొస్తుంది, బుడిపె పోతుంది, ప్రొనేషన్ కొంత తక్కువగానే మిగలొచ్చని ఇప్పుడే చెప్పి, కాగితం మీద రాసి సంతకం తీసుకోండి.

టేబుల్ ఎక్కించే ముందు ఇది నిజంగా దెబ్బ వల్లే వచ్చిందని తేల్చుకోవాలి. రెండో మోచేయికీ ఎక్స్‌రే తీయించండి. పుట్టుకతో జారిన హెడ్ తరచుగా రెండు వైపులా ఉంటుంది, ఎక్కువగా వెనక్కి జారుతుంది, గుంట ఉండదు, క్యాపిటెల్లం చిన్నగా ఉంటుంది. అలాంటి దాన్ని తెరిస్తే పిల్లవాడికి నష్టమే. మీరు చెప్పిన గుంట, వంగిన అల్నా రెండూ దెబ్బ వైపే చూపిస్తున్నాయి. అయినా కచ్చితమైన పక్క ఫిల్ము మీద స్కేలు పెట్టి చూడండి. పిల్లల్లో అల్నా వెనక అంచు తిన్నగా ఉండాలి. ఒలెక్రనాన్ (మోచేయి మొన) నుంచి కింది మెటాఫిసిస్ (ఎముక చివరి వెడల్పు భాగం) దాకా గీసిన గీతకూ ఎముకకూ మధ్య ఎడం 1 మి.మీ. దాటితే అల్నా వంగినట్టే లెక్క. రేడియస్ మెడ మధ్య నుంచి గీసిన గీత ఏ వ్యూలోనైనా క్యాపిటెల్లం గుండా పోవాలి. ముంజేయి మొత్తం, మణికట్టుతో సహా, రెండు వైపులా తీయించి అల్నా పొడవులు కొలవండి. ఎంత పొడిగించాలో అక్కడే తెలుస్తుంది. ఎంఆర్ఐ చేయించగలిగితే హెడ్ కార్టిలేజ్ ఆకారం స్పష్టమవుతుంది. ఇంకా చిన్న పిల్లలకైతే అది తప్పనిసరి, హెడ్‌లో ఎముక కేంద్రం కనబడేదే దాదాపు నాలుగైదేళ్లకు కదా.

అసలు విషయానికొస్తాను. ఈ గాయాన్ని మాంటెజియా 1814లో వర్ణించాడు, బాడో 1967 నాటి వ్యాసంలో నాలుగు రకాలుగా విడగొట్టాడు. మీది మొదటి రకం, పిల్లల్లో ఎక్కువగా కనిపించేదీ అదే. ఇందులో హెడ్‌ను బయట నిలబెడుతున్నది వంకర అల్నా. ముంజేతి రెండు ఎముకలనూ ఇంటరోసియస్ పొర కలిపి ఉంచుతుంది. అల్నా ముందుకు వంగి పొట్టిగా ఉన్నంతకాలం రేడియస్‌కు తన చోట్లో కూర్చునే పొడవూ దొరకదు, దిశా దొరకదు. లిగమెంట్ ఎంత చక్కగా కట్టినా వంకర అల్నా దాన్ని సాగదీసి తెంపుతుంది. అందుకే ముందు అల్నా, ఆ తర్వాతే లిగమెంట్ సంగతి.

పద్ధతి చెబుతాను. బాబును వెల్లకిలా పడుకోబెట్టి చేయి రేడియోలూసెంట్ బల్ల మీద పెట్టండి. చిన్న చేయి కాబట్టి స్టెరైల్ టోర్నికే వాడితే చోటు దొరుకుతుంది. ప్రెషర్ సిస్టాలిక్ కంటే 50 నుంచి 75 ఎక్కువ చాలు. బాయిడ్ దారి: ట్రైసెప్స్ బయటి అంచు దగ్గర, మోచేయికి రెండు మూడు సెం.మీ. పైన కోత మొదలుపెట్టి, ఒలెక్రనాన్ పక్కగా అల్నా అంచు వెంబడి కిందికి. ముంజేయి ప్రొనేషన్‌లో ఉంచి ఆంకోనియస్, సుపినేటర్ రెండింటినీ అల్నా మీంచి కలిపి పెరియాస్టియం (ఎముక మీది పొర) కింద నుంచి ఎత్తండి. నరం సుపినేటర్ లోపలే ఉండి మీ కత్తికి దూరంగా ఉంటుంది. కానీ ఏడు నెలల కేసులో దాన్ని నమ్ముకుని ఊరుకోవద్దు. ముందుకు జారిన హెడ్ మీద నరం సాగి, మచ్చ కణజాలంలో అతుక్కుని ఉండొచ్చు. హెడ్ ముందువైపు ఏది కోయాలన్నా ఎముకను ఆనుకునే కోయండి. హోమన్ రిట్రాక్టర్ రేడియస్ మెడ ముందుకు దూర్చవద్దు, నరం పడిపోవడం ఎక్కువగా జరిగేది ఆ లాగుడు వల్లే.

హెడ్‌కూ క్యాపిటెల్లానికీ మధ్య, అల్నా మీది రేడియల్ నాచ్‌లో నిండిన తెల్లటి మచ్చ కణజాలం మొత్తం తీసేయండి. నాచ్ కార్టిలేజ్ కనిపించాలి. ఇక్కడ కంగారు వద్దు, పాత యాన్యులర్ లిగమెంట్ చాలాసార్లు ఈ ముద్దలోనే దాక్కుని ఉంటుంది. మధ్యలో చిన్న రంధ్రంతో పొరలా కనిపిస్తే ఆ రంధ్రాన్ని ఆరాల వెంట చీల్చి వెడల్పు చేసి హెడ్ మీదికి తొడగవచ్చు. ఇప్పుడు హెడ్‌ను వేలితో నొక్కితే లోపలికి వెళ్తుంది, వదిలితే ఎగిరి బయటికొస్తుంది. ఆ ఎగురుడంతా అల్నాదే.

ఆస్టియాటమీ వంగిన చోటే చేయాల్సిన పనిలేదు. అక్కడ ఎముక గట్టిపడి ఉంటుంది, మానడం ఆలస్యమవుతుంది. కొరొనాయిడ్ కింద, ఒలెక్రనాన్ కొన నుంచి నాలుగైదు సెం.మీ. దిగువన చేస్తే చిన్న కోణానికే రేడియస్ ఎక్కువ కదులుతుంది, త్వరగా అతుక్కుంటుంది. వంకర చాలా కిందికి, చాలా ఎక్కువగా ఉంటే మాత్రం వంకర దగ్గరే. వరసగా డ్రిల్ రంధ్రాలు వేసి ఆస్టియోటోమ్‌తో కోయండి. రంపమైతే సెలైన్ పోస్తూనే ఉండాలి, కాలిన ఎముక అతుక్కోదు. వెనకవైపు తెరుచుకునేలా వెడ్జ్. కింది ముక్క ముందుకు వంగి కోణం మొన వెనక్కి రావాలి, పొడవూ పెరగాలి. మామూలుగా 15 నుంచి 25 డిగ్రీలు పడుతుంది. ఆ అంకె ముందే నిర్ణయించుకుని వెళ్లొద్దు. ముక్కలు కదిలే స్థితిలో అసిస్టెంట్‌తో హెడ్‌ను తన చోట పట్టించండి, అల్నా ఎంత తెరుచుకుంటుందో అదే మీ కోణం. చిన్న ఎక్స్‌టర్నల్ ఫిక్సేటర్‌తోనో వైర్లతోనో తాత్కాలికంగా నిలబెట్టి, సీ ఆర్మ్ (ఆపరేషన్ బల్ల దగ్గరి ఎక్స్‌రే) కింద పూర్తిగా చాపి, ముడిచి, రెండు వైపులా తిప్పి చూశాకే ప్లేటు. సరిపోలేదనిపిస్తే మొహమాటం లేకుండా ఇంకో ఐదు డిగ్రీలు ఇవ్వండి. ఎక్కువ సరిదిద్దిన అల్నాను పిల్లవాడి ఎదుగుదల కాలక్రమంలో సర్దుతుంది. తక్కువ సరిదిద్దితే హెడ్ మళ్లీ జారుతుంది.

ఎనిమిదేళ్ల చేతికి 3.5 డీసీపీ ప్లేటు, సన్నటి ఎముకైతే 2.7. కోణానికి తగ్గట్టు ప్రెస్‌లో వంచి, ఇరువైపులా మూడేసి స్క్రూలు. వన్ థర్డ్ ట్యూబ్యులర్ వేయొద్దు, తెరిచిన వెడ్జ్ మీద వంగిపోతుంది. గ్యాప్ 1 సెం.మీ. లోపైతే పెరియాస్టియం బాగుంటే గ్రాఫ్ట్ (వేరే చోటి నుంచి తెచ్చే ఎముక) అవసరం పడదు, దాటితే ఇలియాక్ క్రెస్ట్ (తుంటి ఎముక అంచు) నుంచి పెట్టండి. పొడవు తేడా ఒకటిన్నర సెం.మీ. దాటితే ఒకే దెబ్బలో లాగొద్దు. ఫిక్సేటర్ వేసి ఐదారు రోజులు ఆగి రోజుకు 1 మి.మీ. చొప్పున సాగదీయడం క్షేమం.

మూసే ముందు ముంజేయి ఫేషియాను (కండల మీది గట్టి పొరను) చర్మం కింద నుంచి పొడవుగా చీల్చి వదిలేయండి. రెండు నిమిషాల పని. పొడిగించిన ముంజేతిలో కంపార్ట్‌మెంట్ (లోపల ఒత్తిడి పెరిగి కండకు రక్తం అందకపోవడం) వస్తే పిల్లవాడి చేయే పోతుంది.

జవాబు 2: హ్యాండ్ సర్జన్, చెన్నై

సార్ చెప్పిన అల్నా ముందు అనే వరసతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. రెండు చోట్ల మాత్రం నా అభిప్రాయం వేరు.

బాయిడ్ దారిలో పై రేడియస్, అల్నా రెండూ ఒకే గాయంలో పెరియాస్టియం లేకుండా తేలతాయి. వాటి మధ్య ఎముక వంతెన కట్టుకుంటే తిప్పడం మొత్తానికే పోతుంది. హెడ్‌కు కోకర్ దారి (మోచేయి బయటి పక్క కోత), అల్నాకు వేరే కోత పెట్టుకుంటే ఆ భయం తక్కువ. బాయిడ్‌లోనే చేస్తే, ఆస్టియాటమీలో రాలిన ఎముక పొడినంతా సెలైన్‌తో బాగా కడిగేయండి, ఇంటరోసియస్ పొర వైపు గ్రాఫ్ట్ ముక్కలు పడనివ్వొద్దు.

లిగమెంట్ గురించి. ప్లేటు బిగించాక పూర్తి ప్రొనేషన్‌లో, చేయి చాపి, హెడ్‌ను బొటనవేలితో ముందుకు తోయండి. జారకపోతే ఏమీ కట్టకుండా క్యాప్సూల్ కుట్టేయండి. కొంచెం జారితే ముందుగా అల్నా కోణమే మళ్లీ చూసుకోవాలి. కోణం సరిగానే ఉండి ఇంకా జారుతుంటే అప్పుడు కట్టాలి. పాత లిగమెంట్ దొరికితే దాన్నే. దొరక్కపోతే 1965లో బెల్ టాస్ చెప్పినట్టు ట్రైసెప్స్ ఫేషియా పట్టీ, సుమారు 1 సెం.మీ. వెడల్పు, 8 సెం.మీ. పొడవు. అల్నా వైపు మొదలు తెంపకుండా ఉంచి, రేడియస్ మెడ చుట్టూ తిప్పి తెచ్చి కుట్టాలి. ఆయన మధ్య నుంచి పట్టీ తీశాడు, తర్వాత కొందరు బయటి అంచు నుంచి తీశారు. మెడను చుట్టే దిశకు బయటి అంచే అనుకూలమని నా ఉద్దేశం. పట్టీ ఎక్కడా పల్చబడకుండా పెరియాస్టియం దాకా ఒకే మందంతో ఎత్తండి, ఒలెక్రనాన్ దగ్గర మలుపు తిరిగే చోటే అది ఎక్కువగా చిరుగుతుంది.

ఎక్కువ మంది చేసే పొరపాటు దాన్ని గట్టిగా బిగించడం. బిగించిన పట్టీ కింద ఎదిగే రేడియస్ మెడ నొక్కుకుపోయి గాడి పడుతుంది, ప్రొనేషన్ పోతుంది. కుట్టు వేసేముందు ముంజేయి అటూ ఇటూ తిప్పి చూడండి. మెడ పట్టీలో ఆటంకం లేకుండా తిరగాలి. హెడ్‌ను నిలబెట్టే పని ఆ పట్టీ మీద మోపొద్దు.

క్యాపిటెల్లం గుండా వైర్ నేను వద్దంటాను. పిల్లవాడు కట్టులో చేయి కొంచెం కదిపినా వైర్ సరిగ్గా కీలు మధ్యలో విరుగుతుంది. రెండు ముక్కలు తీయడానికి మంచి కీలును మళ్లీ తెరవాలి. వైర్ లేకుండా హెడ్ నిలవడం లేదంటే అల్నా పని పూర్తి కాలేదన్నమాట. ఎంతకీ తప్పకపోతే 2 మి.మీ.కి తగ్గని మందం, కొన బయటికి ఉంచి, మోచేయి పై దాకా కట్టు వేసి, మూడు వారాలకు తీసేయాలి. తీసేదాకా ఒక్క డిగ్రీ కూడా కదలించొద్దు.

జవాబు 3: అనస్థీషియా, బెంగళూరు

సర్జన్లు ఇద్దరూ చెప్పని ఒక మాట. ఇలాంటి కేసులో గాఢమైన సుప్రాక్లావిక్యులర్ బ్లాక్ (చేయంతా మొద్దుబార్చే ఇంజెక్షన్) ముందే ఇచ్చేస్తే, లేచాక పిల్లవాడు వేళ్లు ఎత్తకపోతే నరం దెబ్బతిందో, బ్లాక్ ఇంకా దిగలేదో ఎవరూ చెప్పలేరు. కంపార్ట్‌మెంట్ నొప్పి కూడా దాక్కుంటుంది. జనరల్ (పూర్తి మత్తు) ఇచ్చి, లేచాక సర్జన్ బొటనవేలు పైకెత్తించి, సున్నా చుట్టించి, వేలు మీద వేలు వేయించి మూడు నరాలూ చూసి రాసుకున్నాక, అవసరమైతే మొద్దుబార్చే మందు రోపివకైన్ పలచగా, 0.2 శాతం, కిలోకు అర మి.లీ. ఇవ్వవచ్చు. పారాసిటమాల్ కిలోకు 15 మి.గ్రా. ఆరు గంటలకోసారి, నొప్పి వచ్చేదాకా ఆగకుండా టైముకు.

వార్డు సిస్టర్లకు విడిగా చెప్పి ఉంచండి. పిల్లలు చేయి బిగుసుకుంటోందని చెప్పరు. చిరాకు పడతారు, ఊరుకోబెట్టినా ఏడుపు ఆపరు, నొప్పి మందు మోతాదు గంటగంటకూ పెరుగుతుంది. రాత్రి రెండింటికి అలా కనిపిస్తే ఇంకో ఇంజెక్షన్ ఇచ్చి నిద్రపుచ్చొద్దు. డ్యూటీ డాక్టర్‌ను పిలిచి కట్టు, దూది చర్మం కనిపించేదాకా చీల్చి, వేళ్లు మెల్లగా చాపి చూడాలి. నాడి అందుతోంది కదా అని ధీమా పడకూడదు, కంపార్ట్‌మెంట్‌లో నాడి చివరిదాకా అందుతూనే ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ చాలా కృతజ్ఞతలు. ఎడమ మోచేయి ఫిల్ము మామూలుగా ఉంది, అల్నా తేడా 6 మి.మీ. వచ్చింది. ఒకేసారి ప్లేటుతో చేద్దామనుకుంటున్నాను. కట్టు ఏ పొజిషన్‌లో, ఎన్ని వారాలు? తర్వాత మర్దన, వ్యాయామం సంగతేంటి? ఊరికెళ్లాక వాళ్లు మళ్లీ నూనె పట్టిస్తారనే నా దిగులు. ఇంకొకటి, లేటరల్ కాండైల్ (పై చేయి ఎముక కింది కొన బయటి భాగం) విరిగి అతుక్కోని పాత కేసుల్లో కూడా ఇలాగే పూర్తిగా తెరిచి శుభ్రం చేయవచ్చా?

జవాబు 4: పిల్లల ఎముకల సర్జన్, జయనగర్

6 మి.మీ. ఒకేసారి వస్తుంది, గ్రాఫ్ట్ కూడా అక్కర్లేకపోవచ్చు.

ముందువైపు జారిన రకానికి మోచేయి 90 నుంచి 100 డిగ్రీల ముడుపులో, ముంజేయి సుపినేషన్‌లో. బైసెప్స్ రేడియస్‌కు అంటుకుని దాన్ని ముందుకు లాగుతుంది. చేయి ముడిచి అరచేయి పైకి తిప్పితే ఆ లాగుడు వదులవుతుంది. మొదట వెనక స్లాబ్, వాపు తగ్గాక పూర్తి కాస్ట్. మొత్తం ఐదారు వారాలు. మొదటి మూడు వారాలు వారానికోసారి ఎక్స్‌రే. కచ్చితమైన పక్క వ్యూ రాకపోతే టెక్నీషియన్‌ను మళ్లీ తీయమనండి, వాలుగా తీసిన ఫిల్ములో కొంచెం జారిన హెడ్ సరిగానే ఉన్నట్టు కనిపిస్తుంది.

లేటరల్ కాండైల్‌లో పద్ధతి దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఆ ముక్కకు రక్తం వెనకనుంచి అంటుకున్న కండ ద్వారా వస్తుంది. అక్కడ శుభ్రం చేస్తే ముక్క చచ్చిపోతుంది. కీలు ఉపరితలం అచ్చంగా కలపాలని చూడకుండా, ముక్క ఎక్కడుంటే అక్కడే మెటాఫిసిస్ ఎముకల మధ్య మచ్చ మాత్రం గీకి, గ్రాఫ్ట్ పెట్టి, 4 మి.మీ. క్యాన్సెలస్ స్క్రూతో బిగించాలి. అల్నార్ నరం లక్షణాలు అడగడం మరిచిపోవద్దు. దానికి వేరే థ్రెడ్ పెట్టండి, అక్కడ వివరంగా రాస్తాను.

జవాబు 5: పిల్లల ఫిజియో, బనశంకరి

మర్దన అసలు వద్దు, నూనె రాయడం వేరు, పిసకడం వేరు. ఆపరేషన్ జరిగిన మోచేయి చుట్టూ పిసికితే, బలవంతంగా లాగితే కండలో ఎముక కడుతుంది. అప్పుడు చేయి ఎటూ కదలక బిగుసుకుంటుంది. ఇంట్లో వాళ్లకు "రాయొద్దు" అంటే వినరు. "వేలి కొనతో మచ్చ మీద రాయండి, మోచేతిని పట్టుకోవద్దు" అంటే వింటారు. చేయి చాపడానికి నీళ్ల బకెట్టో ఇసుక సంచో మోయించడం మన ఊళ్లలో మామూలు. దానివల్ల కండ ఎదురు బిగుసుకుంటుంది తప్ప చేయి చాపుకోదు. ఈ మాట డిశ్చార్జి కాగితం మీద తెలుగులో రాయండి, ఎందుకంటే బకెట్టు ఇచ్చేది ఎక్కువగా ఓపీకి రాని పెద్దవాళ్లే.

కాస్ట్ తీశాక వ్యాయామం మొత్తం పిల్లవాడు తనంతట తాను చేసేదే ఉండాలి. గోరువెచ్చని నీళ్ల టబ్బులో చేయి పెట్టి ముడవడం, చాపడం పది నిమిషాలు, రోజుకు మూడుసార్లు. తిప్పడానికి మోచేయి నడుముకు ఆనించి, 90లో పెట్టి, పిడికిలిలో పెన్సిల్ నిలువుగా పట్టించి అటూ ఇటూ వాల్చమనండి. భుజం ఎత్తి మోసం చేస్తాడు, అందుకే చంకలో మడిచిన చేతిరుమాలు పెట్టండి, జారితే ఆ తిప్పు లెక్కలోకి రాదు. ఆ పెన్సిల్ వాలిన కోణాన్నే గోనియోమీటర్‌తో కొలిచి రెండు వారాలకోసారి రాయండి. ముడవడం ముందుగా వస్తుంది, తిప్పడం ఆరు నెలల నుంచి ఏడాది దాకా మెల్లగా పెరుగుతుంది. మొదటి నెలలో ప్రొనేషన్ కదల్లేదని గట్టిగా తిప్పే పని పెట్టుకోవద్దు. ఉన్నట్టుండి ముడవడం తగ్గినా, మోచేయి ముందు మళ్లీ గట్టిగా తగిలినా వ్యాయామం ఆపి ఎక్స్‌రేకు పంపండి.

జవాబు 6: హ్యాండ్ సర్జన్, చెన్నై

ప్లేటు గురించి ఒక మాట. అల్నా వెనక అంచు మీద అది చర్మం కిందే తగులుతూ ఉంటుంది, డెస్కు మీద చేయి ఆనిస్తే నొప్పంటాడు. అయినా ఏడాదికి ముందు తీయొద్దు, వెడ్జ్ తెరిచిన వైపు కార్టెక్స్ పూర్తిగా నిండిందని రెండు వ్యూలలో చూసుకున్నాకే తీయాలి. తీసేటప్పుడు పాత కోతలో కింది భాగం చాలు, కీలు వైపు వెళ్లొద్దు. స్క్రూ రంధ్రాలు గట్టిపడేదాకా, కనీసం ఆరు వారాలు, సైకిలూ కబడ్డీ మాన్పించండి.